రాధారాణి పున్నమి రోజులు

చికాగో దగ్గరి అరోరాలో రాధారాణిని ఎరగని తెలుగు గడప లేదు. అందులో ఆవిడ గోంగూర పచ్చడి పుణ్యం కొంత, ఆవిడ పున్నమి పుణ్యం కొంత. పచ్చడి సంగతి తిన్నవాళ్ళు చెబుతారు. పున్నమి సంగతి మాత్రం మొదట్నించీ చెప్పుకోవాలి.

రాధారాణి పుట్టింది రేపల్లెలో, జ్యేష్ఠ మాసంలో, సరిగ్గా పున్నమి నాడు. జాతకం చూడ్డానికి వచ్చిన సిద్ధాంతి వేళ్ళ కణుపులు లెక్కపెట్టి, "నిండు చంద్రుడే గానీ వృశ్చికంలో పడ్డాడు, నీచలో ఉన్నాడు. మనసుకి అధిపతి ఆయనే కదా! పున్నమి వచ్చినప్పుడల్లా ఈ పిల్ల మనసు పొంగుతుంది, కనిపెట్టుకుని ఉండండి" అన్నాడు. ఆ మాట వాకిట్లో పారేసి, గ్లాసెడు మజ్జిగ తాగి చక్కా పోయాడు. మాట మాత్రం పోలేదు. పచ్చబొట్టులా అతుక్కుంది.

ఎనిమిదో తరగతిలో బడి మాన్పిస్తే రాధారాణి ఏడ్చింది. "పున్నమి కదా, రేపటికి అదే తగ్గుతుంది" అన్నారు. తగ్గక ఛస్తుందా? పట్టించుకునే నాథుడు లేని ఏడుపు ఎంతసేపని ఏడుస్తారు? తన పట్టుపరికిణీ లాక్కుని చెల్లెలికి కడితే అరిచింది. మళ్ళీ "పున్నమి" అన్నారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా! ఆ పిల్ల ఎందుకు ఏడ్చినా నేరం చంద్రుడి మీదికే పోయింది. వినగా వినగా ఆ పిల్లా నమ్మింది. ఇల్లంతా ఒకే మాట అంటుంటే నమ్మక ఏం చేస్తుంది?

పెళ్ళయింది. మొగుడు చక్రపాణి వంతెనలు కట్టే ఇంజినీరు. మంచివాడే. చెయ్యెత్తడు, గొంతెత్తడు. కాకపోతే పిల్లికి నీళ్ళంటే ఎంత భయమో, ఆయనకి ఆడవాళ్ళ కన్నీళ్ళంటే అంత భయం. అలాంటి మనిషికి పెళ్ళాం ఏడ్చే రోజు ఫలానా అని ముందే తెలిస్తే అంతకన్నా సుఖం ఉందా? ఇలినాయిస్ వచ్చి, ఉద్యోగంలో కుదురుకుని, ఇల్లు కొనుక్కున్నాక కూడా ఆ పద్ధతి మారలేదు. ఏటా తెనాలి నుంచి వాళ్ళ అక్క పంపిన క్యాలెండర్ చుట్ట విప్పి, వంటింటి గోడకి తగిలించి, పున్నమి వచ్చిన చోటల్లా ఎర్రపెన్నుతో సున్నా చుట్టేవాడు.

ఆ సున్నా రోజున ఇంటికి ఎవర్నీ పిలవరు. ఫోన్లు ఎత్తరు. రాధారాణి ఉప్పు లేని అన్నం నాలుగు ముద్దలు తిని మేడ మీది గదిలోకి వెళ్ళిపోతుంది. కాసేపటికి ఏడుపొస్తుంది, లేకపోతే కోపమొస్తుంది. ఓ కప్పు పగులుతుంది. కింద మొగుడు టీవీ సౌండ్ పెంచుతాడు. మర్నాడు తలంటి పోసుకుని నవ్వుతూ దిగుతుంది.

"తగ్గిందా?" అంటాడు చక్రపాణి.

"తగ్గిందండీ" అంటుంది ఆవిడ.

అంతే. ఎందుకు ఏడ్చావని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. కూతురు భానుశ్రీ చిన్నప్పుడే బళ్ళో స్నేహితులకి చెప్పేది, "ఇవాళ మామ్స్ మూన్ డే, మీ ఇంట్లో ఆడుకుందాం" అని. ఆ పిల్లకి అది వానాకాలంలో వాన లాంటిది.

మిగతా నెలంతా రాధారాణి నవ్వుల మూట. నలుగురిలో మొగుడు ఆవిడ ఇంగ్లీషుని వెక్కిరించినా నవ్వేది. బేకరీలో కేకులకి పువ్వులు పెట్టే పని ఇస్తామంటే, "నీకెందుకే ఆ తిప్పలు" అని ఆయన కొట్టిపారేసినా నవ్వేది. ఆదివారం ఉతుక్కోవచ్చని మాసిన బట్టలు మూలన పడేసినట్టు, మనసులో గుచ్చుకున్నవన్నీ పున్నమి కోసం దాచిపెట్టేది. ఆ సంగతి ఆవిడకే తెలీదు. ఆ రోజున చంద్రుడు పట్టుకుంటాడనే అనుకునేది.

ఇలా ఉండగా, రెండువేల పదమూడు వేసవిలో భానుశ్రీకి ఆడపిల్ల పుట్టింది. పురుటికి పుట్టింటికే వచ్చింది. అల్లుడు వేణుమాధవ్ తల్లి మీనాక్షి కరీంనగర్ నుంచి మనవరాలిని చూడ్డానికి దిగింది. మీనాక్షి మాట కత్తి, మనసు వెన్న. కాకపోతే ముందు కత్తే కనపడుతుంది.

సెప్టెంబర్‌లో భానుశ్రీ ఆఫీస్‌కి వెళ్ళాలి. మరి పిల్లని ఎవరు చూస్తారు? రాధారాణి చేతులు ఆ పిల్ల కోసం గుంజుతున్నాయి. ఒళ్ళో వేసుకుని నలుగు పెట్టాలని, సాంబ్రాణి పొగ వెయ్యాలని, కాళ్ళ మీద పడుకోబెట్టి ఊపాలని. కానీ అడగదు. ఓ మధ్యాహ్నం ఉతికిన పొత్తిగుడ్డలు మడతపెట్టి మెట్లు దిగుతుంటే వంటింట్లో మాటలు వినపడ్డాయి.

"నా మాటిను బిడ్డా" అంటోంది మీనాక్షి. "మీ అమ్మ బంగారమే, నేను కాదంటలేను. గని నెలకోపారి ఆమెకు గట్లయితది గదా! కప్పులు పలగ్గొట్టే చేతుల్ల పసిగుడ్డును ఎట్ల పెడ్తం చెప్పు?"

"ఒక్క రోజే కదా అత్తయ్యా. ఆ డే నేను వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తాను" అంది భానుశ్రీ.

"గా చంద్రుడు నిన్నడిగి వస్తడా?"

భానుశ్రీ కుళాయి తిప్పి పాల సీసా కడగసాగింది. కూతురు కాదనకపోవడమే మెట్ల మీది రాధారాణికి గుచ్చుకుంది. పోనీ కోపం వచ్చిందా అంటే, అదీ లేదు. నిజమే కదా అనుకుంది. ఆ రాత్రి అన్నాల దగ్గర తనే అంది, "డేకేరే మంచిది తల్లీ. నన్ను నమ్ముకోకండి" అని. నవ్వుతూనే అంది. ఆ నవ్వు చూసి చక్రపాణి ఇంకో ముద్ద కలుపుకున్నాడు. గండం గడిచిందనుకున్నాడు పాపం.

బారసాల దగ్గర పడింది. అమెరికాలో ముహూర్తమంటే శనాదివారాలే కదా. హాలు ఆదివారం ఖాళీ ఉంది, శనివారమూ ఖాళీ ఉంది. చక్రపాణి వెళ్ళి క్యాలెండర్ చూశాడు. ఆదివారం మీద ఎర్రసున్నా. అదీ మామూలు సున్నా కాదు, జ్యేష్ఠ పున్నమి. ఆవిడ పుట్టిన తిథి. ఏడాదిలోకెల్లా గట్టి గండం.

"శనివారం పెట్టుకుందాం" అన్నాడు. "సేఫ్."

మీనాక్షి తలూపింది. రాధారాణి కూడా ఊపింది. అమ్మయ్య, మనవరాలి ఉయ్యాల వేడుక కళ్ళారా చూడొచ్చు, అదే పదివేలు.

శనివారం వచ్చింది. హాలు నిండా చామంతుల వాసన, పట్టుచీరల గరగరలు, పిల్లల పరుగులు. ఉయ్యాలకి పూలు చుట్టారు. పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో ఇషిత అని పేరు రాశారు. రాధారాణి తనంతట తానే వెనక వరసలో కూర్చుంది. ముందు వరసలో మీనాక్షి, ఆవిడ కొత్త చీర.

పిల్లని ఉయ్యాలలో వేసేవేళకి పాట పాడాలి. ఎవరు పాడతారు? అందరూ అందరి వైపూ చూశారు. "ఐ గాట్ ఇట్" అని వేణుమాధవ్ ఫోన్ తీసి జోలపాట పెట్టాడు. పాట రెండు చరణాలు సాగిందో లేదో, మధ్యలో కారు ఇన్సూరెన్స్ ప్రకటన ఊడిపడింది. ఎవడో మగాడు హాలు అదిరేలా అరిచేసరికి పిల్ల ఉలిక్కిపడి కెవ్వుమంది. ఇక ఆగదే! తల్లి ఎత్తుకుంది, ఆగలేదు. మీనాక్షి ఎత్తుకుంది, ఇంకా హెచ్చింది. చేతులు మారినకొద్దీ ముఖం కందగడ్డ అయింది.

రాధారాణి ఎప్పుడు లేచిందో, ఎలా ముందుకు వచ్చిందో ఆవిడకే తెలీదు. "ఇలా ఇవ్వండి వదినా" అని మీనాక్షి చేతుల్లోంచి పిల్లని అందుకుంది. భుజాన వేసుకుని, వీపు మీద తడుతూ, తన చిన్నప్పుడు అమ్మమ్మ పాడిన జోల ఎత్తుకుంది. సగం మాటలు మరిచిపోయింది. మరిచిపోయిన చోట అరోరాని పెట్టింది, డయపర్‌ని పెట్టింది, అల్లుడి ఫోన్‌ని కూడా పెట్టింది. హాలు హాలంతా నవ్వులు. పిల్ల ఓ వెక్కు వెక్కి, ఆ భుజం మీదే కళ్ళు మూసింది. ఉయ్యాలలో వేస్తే లేస్తోంది, భుజాన వేస్తే పడుకుంటోంది. ఇక ఆ రోజంతా ఆ పిల్ల రాధారాణిని వదల్లేదు. రాధారాణీ దింపలేదు. భోజనం కూడా ఒంటిచేత్తోనే కానిచ్చింది.

"మా రాధ ఇవాళ భలే హుషారుగా ఉంది" అన్నాడు చక్రపాణి అల్లుడితో. "రేపటి సంగతి తల్చుకుంటేనే..."

సాయంత్రం ఇంటికొచ్చి అందరూ వెనక డెక్ మీద కూలబడ్డారు. ఎండాకాలం కదా, ఎనిమిదింటికీ ఇంకా వెలుతురుంది. మిగిలిన పులిహోర తలా కాస్త పెట్టుకున్నారు. పిల్ల రాధారాణి ఒళ్ళో వెల్లకిలా పడుకుని ఆవిడ గాజులు చూస్తోంది. ఇంతలో రెండిళ్ళ అవతలుండే కృష్ణకుమారి ప్రసాదం గిన్నె పట్టుకుని పక్క గేటు తీసుకుని వచ్చింది.

"రాధక్కా, ఏమనుకోకు, బారసాలకి రాలేకపోయాను. గుడిలో సత్యనారాయణ వ్రతానికి ముందే పేరిచ్చేశాం. ఇదిగో ప్రసాదం, వేడిగా ఉంది."

"ఇవాళ వ్రతమేంటమ్మా?" అన్నాడు చక్రపాణి. "వ్రతం పున్నమికి కదా!"

"అవును బావగారూ, ఇవాళే కదా పున్నమి!"

మీనాక్షి నోటిదాకా వెళ్ళిన ముద్ద అక్కడే ఆగింది. అందరి కళ్ళూ రాధారాణి మీద, ఆ పైన ఆవిడ ఒళ్ళో పిల్ల మీద. సరిగ్గా అప్పుడే పక్కింటి కప్పు వెనకనుంచి చంద్రుడు లేచాడు. ఆ ఏడాది చంద్రుడు మరీ పెద్దగా ఉన్నాడు, అప్పచ్చుల పళ్ళెమంత.

చక్రపాణి ఒక్క ఉరుకున లోపలికెళ్ళి క్యాలెండర్ పీక్కుని వచ్చాడు. "చూడండి, రేపు! ఆదివారం! ఇక్కడ సున్నా ఉంది!"

"అది తెనాలి పున్నమి బావగారూ!" అంది కృష్ణకుమారి. "వాళ్ళకి ఇప్పుడే ఆదివారం తెల్లారింది. గుడివాళ్ళు తిథులు చికాగో పొద్దు చూసి వేస్తారు. కొన్ని నెలలు రెండూ కలుస్తాయి, కొన్ని నెలలు మనకి ముందురోజే వచ్చేస్తుంది. అందుకే కదా గుడి క్యాలెండర్ వేరే ఇస్తారు! మీరు తీసుకోలేదా?"

చక్రపాణి క్యాలెండర్ తిరగేసి చూశాడు. నదుల మీద వంతెనలకి లెక్కలు కట్టిన మనిషి. తెనాలికి అరోరాకి మధ్య ఓ పగలు ఓ రాత్రి ఉందన్న సంగతి అన్నేళ్ళూ గోడ మీద వేలాడుతుంటే ఆయనకి తట్టలేదు.

రాధారాణి చంద్రుణ్ణి చూసింది. ఒళ్ళో పిల్లని చూసింది. పొద్దుట్నించీ తను ఏం చేసిందో తలుచుకుంది. పాడింది, నవ్వించింది, ఒంటిచేత్తో అన్నం తింది. నెత్తిన పున్నమిని పెట్టుకుని! మరి ఇన్నేళ్ళూ మేడ మీద ఉప్పు లేని కూడు తిని ఏడ్చిన రోజుల్లో సగం రోజులు చంద్రుడు అప్పటికే తన దారిన తను వెళ్ళిపోయాడన్నమాట.

"అయితే భాను డిగ్రీ పుచ్చుకున్ననాడు..." అంది నెమ్మదిగా. "మర్నాడు సున్నా అని గుర్తు. అంటే ఆనాడే పున్నమేమో! ఆనాడు నేను డాన్స్ కూడా చేశాను కదండీ!"

"చేశావమ్మా! ఐ హావ్ ద వీడియో!" అంది భానుశ్రీ.

రాధారాణికి నవ్వు తన్నుకొచ్చింది. పకపకా నవ్వింది. కృష్ణకుమారి నవ్వింది, అల్లుడు నవ్వాడు, ఏమీ తెలీని పిల్ల కూడా కాళ్ళు తన్నింది. నవ్వీ నవ్వీ ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. నీళ్ళు వచ్చాక నవ్వు ఆగింది గానీ నీళ్ళు ఆగలేదు. భుజాలు కదిలిపోతూ ఏడ్చింది.

"అదిగో!" అన్నాడు చక్రపాణి, వెతుకుతున్నది దొరికినట్టు. "చూశారా! పున్నమి!"

"పున్నమి కాదండీ!" అంది రాధారాణి. గట్టిగా అంది. "నేను! నేను ఏడుస్తున్నాను! ఆ చంద్రుణ్ణి ఎందుకు ఆడిపోసుకుంటారు? ఆయనకి ఏం తెలుసు నా సంగతి?"

ఆవిడ చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. పిల్లని దగ్గరికి లాక్కుంది.

"భాను కంటే ముందు ఒక పిల్లాడు పుట్టాడు వదినా, గుంటూరులో" అంది మీనాక్షితో. "బారసాల దాకా కూడా ఉండలేదు. వాడు పోయిన మర్నాడు పున్నమి. నేను ఏడుస్తుంటే మా అత్తగారు, పున్నమి పొంగు, గదిలో కూర్చోబెట్టండి అంది. తలుపేశారు. వాడికి ఉయ్యాల వెయ్యలేదు, ఎవరూ పాట పాడలేదు. ఇవాళ పాడుతుంటే వాడు గుర్తొచ్చాడు. దానికి జాతకం ఎందుకు? ఏ తల్లికి గుర్తురాడు?"

భానుశ్రీకి అన్న ఉన్నాడని ఆ సాయంత్రం దాకా తెలీదు. వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. చక్రపాణి క్యాలెండర్ చుట్ట చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. చివరికి దాన్ని పక్కన పడేసి, "వాడికి నీ ముక్కే వచ్చింది రాధా" అన్నాడు. ఆ పిల్లాడి మాట ఆయన నోట రావడం అదే మొదలు.

మీనాక్షి లేచింది. పులిహోర చెయ్యి కడుక్కుని వచ్చి రాధారాణి పక్కన కూర్చుంది. వీపు మీద చెయ్యేసింది.

"ఏడ్వు వదినా, మంచిగ ఏడ్వు" అంది. "నీకైతే నెలకొక్క రోజన్న ఇచ్చిండ్రు. నాకు గా పున్నమి సుత లేకపాయె. మా ఆయన పోయి ఆరేండ్లాయె. మీనాక్షి గట్టి మనిషి, మీనాక్షి గట్టి మనిషి అన్నరు అందరు. గట్టి మనిషి ఎప్పుడేడ్వాలె జెప్పు?"

"ఇప్పుడేడవండి" అంది రాధారాణి. "ఎవరొద్దన్నారు?"

ఇంకేముంది! వియ్యపురాళ్ళిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి శోకాలు. కృష్ణకుమారి ఊరికే ఉంటుందా, ఆవిడకీ ఏదో గుర్తొచ్చింది. కాసేపటికి ముగ్గురూ ముక్కులు చీది, ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్ళీ నవ్వులు. ప్రసాదం చల్లారిపోయింది. అయినా గిన్నె ఊడ్చి తిన్నారు.

ఆదివారం తెల్లారింది. రాధారాణి మేడ ఎక్కలేదు. సాంబార్‌లో కాస్త ఉప్పు ఎక్కువే వేసింది. మొగుడు టీవీ సౌండ్ పెంచబోతే, "తగ్గించండి, నాకు చిరాగ్గా ఉంది" అంది. ఆయన తగ్గించాడు. ఓస్, ఇంతేనా, అనుకుంది. ఈ ఒక్క మాటకి ఎన్ని కప్పులు తగలేసింది!

అలాగని ఆవిడేమీ దేవత అయిపోలేదు. మంగళవారం ఇండియన్ స్టోర్‌లో మామిడిపళ్ళు వాసన చూస్తూ తల్లి గుర్తొచ్చి నిలుచున్నపళంగా ఏడ్చేసింది. గురువారం పిల్లకి నూనె రాసే దగ్గర మీనాక్షితో తగువు పడింది.

"నువ్వుల నూనె రాయాలె."

"కొబ్బరినూనె మంచిదండీ."

"మా దిక్కు పిల్లలు పెరగలేదా వదినా?"

"పెరిగారు. అందుకే మా అల్లుడు అంత నల్లగా నిగనిగలాడుతున్నాడు!"

మీనాక్షి ఓ పూట మూతి ముడుచుకుంది. సాయంత్రానికి తనే కాఫీ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. "నువ్వు మీద మీద నవ్వేటప్పటి కన్న ఇప్పుడే మంచిగున్నవ్. ఏం మనసుల ఉన్నదో తెలుస్తున్నది" అంది. వెళ్ళే ముందురోజు కోడల్ని పిలిచి, "డేకేరు గీకేరు ఏం వద్దు బిడ్డా. పిల్లను మీ అమ్మకే ఇయ్యి. గామె చేతులల్ల నాకు రంది లేదు" అని తేల్చేసింది.

భానుశ్రీ అయినా ఓసారి అడిగింది. "అమ్మా, ఆర్ యూ ష్యూర్? నీకు అప్‌సెట్ అయితే?"

"అయితే అయిందని చెబుతాను. మీ నాన్నకి చెబుతాను, నీకు ఫోన్ చేసి చెబుతాను. పిల్లకీ చెబుతాను. అది నాకు రోజుకి పదిసార్లు ఏడ్చి చెప్పడం లేదూ? అది ఏడ్చి ఊరుకోగానే ఎంత హాయిగా నిద్రపోతుందో చూడు. పెద్దవాళ్ళం మనకేం వచ్చింది రోగం?"

సెప్టెంబర్ వచ్చింది. ఓ సోమవారం పొద్దున భానుశ్రీ పిల్లని కార్ సీట్‌లో తెచ్చి గుమ్మంలో దింపింది. పాల సీసాలు, గుడ్డలు, బొమ్మలు, ఏ వేళకి ఏం చెయ్యాలో అప్పగింతలు. అన్నీ చెప్పి, కారు దాకా వెళ్ళి, తాళంచెవి చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. తిరిగి వచ్చింది. పిల్ల పాదం పట్టుకుంది.

"ఐయామ్ ఫైన్, అమ్మా. ఇట్స్ సో సిల్లీ. ఆఫీస్‌లో మీటింగ్ ఉంది, మేకప్ పాడైపోతుంది, నేను ఏడవను."

"ఎందుకేడవవే? కడుపున పుట్టినదాన్ని వదిలి వెళుతున్నావు. ఏడుపు రాకపోతే నేను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి నిన్ను. కూర్చో."

గుమ్మం మెట్టు మీద కూతుర్ని కూర్చోబెట్టింది. ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో పిల్ల తల్లి. భానుశ్రీ తల్లి భుజంలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. రాధారాణి ఊరుకో అనలేదు. తగ్గుతుందిలే అనలేదు. ఎదురింటి అమెరికా ముసలాయన కుక్కని తిప్పుతూ ఆగి, "ఎవ్రీథింగ్ ఓకే?" అని అడిగాడు.

"ఓకే, ఓకే! క్రయింగ్! గుడ్ క్రయింగ్!" అంది రాధారాణి వచ్చిన ఇంగ్లీషులో. ఆయన చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. భానుశ్రీ ఏడుస్తూనే నవ్వింది. లేచి మొహం కడుక్కుని, మళ్ళీ కాటుక పెట్టుకుని, ఈసారి తిన్నగా కారెక్కింది. కిటికీ దించి, "అమ్మా, లేట్ అయిపోయాను, బై!" అని కేకేసింది.

"వెళ్ళు, వెళ్ళు! కొంపలేం మునగవు!"

కారు వీధి మలుపు తిరిగింది. రాధారాణి పిల్లని భుజాన వేసుకుని, నలుగుకి పిండి కలుపుకోవాలి కదా అనుకుంటూ లోపలికి నడిచింది.